మంగొదిన అందరినీ అడిగింది

నిన్న పొద్దున్న కాఫీ కలుపుకుంటుంటే అమలాపురం నుంచి ఫోన్.

మంగొదిన పోయిందట.

పాలు పొంగి స్టవ్ మీద పడుతున్నా చూస్తూ నిలబడిపోయాను. ఆ తర్వాత నాకు మొదట వచ్చిన ఆలోచన చెప్తే మీరంతా తిడతారు.

ఇందులో కూడా నాకంటే ముందేనా, అనుకున్నాను.

తిట్టుకోండి. తొంభైకి దగ్గరపడ్డాను, ఇప్పుడు మంచిదాన్ని అనిపించుకుని ఏం చేసుకోను?

మంగతాయారు మా మేనత్త కూతురు, నాకు వదిన వరస. రాజోలు దగ్గర ఒకే వీధిలో పెరిగాం. మీకందరికీ ఆవిడ పెద్ద రీసెర్చ్ స్కాలర్, లెజెండ్, ఇన్‌స్పిరేషన్. నిన్నటి నుంచి మన ఊళ్ళవాళ్ళ గ్రూపులో అవే పోస్టులు. నా పుట్టినరోజుకి ఇందులో సగం లైకులు కూడా రాలేదు.

ఆ రీసెర్చ్ ఎలా మొదలైందో ఇప్పుడు నాకు తప్ప ఎవరికీ తెలియదు. అందుకే మనవరాలి ట్యాబ్ తీసుకుని ఒక్కో అక్షరం నొక్కుతున్నాను.

స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళకి మద్రాసు నుంచి ఒక లెక్చరరమ్మ గారు మా ఊరొచ్చారు. పనిచేసుకునే ఆడవాళ్ళు తమ పని గురించి ఏ మాటల్లో చెప్పుకుంటారు, ఏం పాడుకుంటారు, దేనికి నవ్వుతారు... అవన్నీ తెలుసుకోవడమే ఆవిడ ఉద్యోగం. సాయానికి ఊరివాళ్ళు కావాలని స్కూల్ ఫైనల్ పాసైన మా ఇద్దరినీ పిలిచారు. ఇద్దరిలో బాగా చేసినవాళ్ళని తనతో తీసుకెళ్ళి మద్రాసులో కాలేజీలో చేర్పిస్తానన్నారు.

ఆ సీటు నాదే అనుకున్నాను. క్లాసులో ఫస్ట్ నేను, మంగొదిన కాదు.

మొదటిరోజు కొబ్బరికాయల మీది డొక్కలు నానబెట్టి పీచు కొట్టే చోటికి పంపారు. ఆ కంపు ఎలా ఉంటుందో మన వాళ్ళకి చెప్పక్కర్లేదు. నేను గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడి, బట్టీపట్టిన ప్రశ్నలు అడిగాను.

"పొద్దున్నే పనిలోకి వస్తారా?"

"ఆయ్."

"ఎండెక్కాక వస్తారా?"

"ఆయ్, తమరెలాగంటే అలాగేనండి."

ఎదురు చెప్పడం మన వైపు మర్యాద కాదు. అమ్మాయిగారు ఏం అడిగినా అవుననే అంటారు. అక్కడే పుట్టిపెరిగిన నాకు ఆ సంగతి తట్టలేదు చూడండి! అన్నిటికీ అవునని రాసేసుకుని, పని బ్రహ్మాండంగా అయిందని మురిసిపోయాను.

మంగొదిన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. పరికిణీ ఎగదోపుకుని వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుంది. కర్ర తీసుకుని డొక్క మీద కొట్టబోయి వేలి మీద కొట్టుకుంది.

"అయ్యో, అలాక్కాదండి అమ్మాయిగారూ, ఇలాగండి!" అంటూ ఒకావిడ చెయ్యి పట్టుకుని చూపించింది.

నవ్వులు మొదలయ్యాయి. తర్వాత మాటలు. ఆ మాటల్లోంచి ఎవరో పాట అందుకున్నారు. పొద్దు వాలేదాకా ఆగలేదు.

సాయంత్రం, వాళ్ళల్లో కూర్చుని వచ్చిందని మా మేనత్త మంగొదినని గుమ్మం ఎక్కనివ్వకుండా నూతి దగ్గరే నెత్తిన నీళ్ళు గుమ్మరించింది. నేను లోలోపల సంబరపడ్డాను. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. లెక్చరరమ్మ గారు మద్రాసుకి మంగతాయారు పేరే చెప్పారు.

అన్నం మానేసి పడుకున్నాను. మంగొదిన మద్రాసు రైలెక్కింది, నేను ఆ వేసవిలోనే పెళ్ళి చేసుకుని సఖినేటిపల్లి వచ్చాను.

కొన్నేళ్ళకి నర్సాపురం వైపు నుంచి పడవలో రేవు దాటి మా అత్తవారింటికి వచ్చింది. చేతికి వాచీ, భుజానికి సంచీ, పెద్ద ఆఫీసరులా ఉంది. పనసపొట్టు కూర, కొబ్బరి పచ్చడి చేసిపెట్టాను. భోజనం అయ్యాక నన్ను కూర్చోబెట్టి అడుగుతుందని ఒకటే ఆశ. చెప్పాల్సినవన్నీ వంట చేస్తూనే వరస పెట్టుకున్నాను.

చెయ్యి కడుక్కుని నేరుగా పెరట్లోకి వెళ్ళింది. అక్కడ మా ఇంట్లో ధాన్యం దంచే సత్తెమ్మ ఉంది.

"రోకలెత్తినప్పుడు ఏం తలుచుకుంటావు సత్తెమ్మా? ఇంక నావల్ల కాదని ఎప్పుడైనా అనిపించిందా?"

సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో చెప్తోంది. నేను తలుపు వారగా నిలబడి ప్రతి ప్రశ్నకీ నా జవాబు నేను చెప్పుకుంటున్నాను.

అనిపించింది మంగొదినా. రోజూ అనిపిస్తుంది. ఇంతమందికీ వండి వార్చి, ఆఖర్న చల్లారిన అన్నం తినేటప్పుడు మరీ అనిపిస్తుంది.

మంగొదిన తలెత్తి నన్ను చూసింది.

"సుబ్బులూ, నువ్వు కాస్త లోపలికెళ్ళవే. ఇంటావిడ ఎదురుగా ఉంటే సత్తెమ్మ నోరు విప్పదు."

ఆవిడ అన్నది నిజమే. కానీ ఆ రోజు నాకు సత్తెమ్మ మీద కూడా అసూయ పుట్టింది. లోపలికెళ్ళి గిన్నెలు సర్దుకున్నాను.

ఆ తర్వాత ఎన్నోసార్లు కలిశాం. పెళ్ళిళ్ళలో, ఆసుపత్రుల్లో, మొన్నమొన్నటి దాకా వీడియో కాల్‌లో. నా బీపీ అడిగేది, నా మోకాళ్ళ సంగతి అడిగేది. సత్తెమ్మని అడిగిన ఆ మాట మాత్రం నన్నెప్పుడూ అడగలేదు.

నువ్వే చెప్పొచ్చు కదా అంటారు. అడక్కుండా చెప్తే సణుగుడంటారు. ఆవిడ పక్కన కూర్చుని, అడిగి, వింటే దాని విలువే వేరు.

నిన్న ఆవిడ ఫోటో కింద కామెంట్లు చదివాను. "మా అమ్మమ్మ కష్టం అడిగి తెలుసుకున్నారండి." "మా నానమ్మ పాడిన పాట ఆవిడ వల్లే మాకు దక్కిందండి." ఎవరో, ఎక్కడెక్కడి వాళ్ళో.

చదువుతూ ఏడ్చాను. సగం మంగొదిన కోసం. సగం ఆ అమ్మమ్మల మీద కుళ్ళుతో.

వెళ్ళిరా మంగొదినా.

ఊరందరినీ అడిగి, నన్నొక్కదాన్నే అడక్కుండా వెళ్ళిపోయావు.

అయినా సరే, నువ్వు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.