రాజారావు అంకుల్ చూసిన కార్న్‌క్రేక్

దయ్యాలంటే నవ్వేసే బాపతు నేను. ఐర్లండ్‌లోని లెటర్‌కెన్నీలో వైద్య పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ పని నాది. కళ్ళతో చూసి, సంతకం పెట్టి, తేదీ వెయ్యనిదేదీ మా దగ్గర జరిగినట్టు కాదు. ఆ జబ్బు ఇంట్లో పప్పు డబ్బాల దాకా పాకిందని మా ఆయన ఏడిపిస్తుంటాడు. అందుకే ఇది రాయడానికి నాకే మొహమాటంగా ఉంది.

ఇక్కడ మాకు పెద్దదిక్కైన రాజారావు అంకుల్ స్లైగో అనే ఊళ్ళో ఉంటారు. ఆసుపత్రి ల్యాబ్‌లో చేసి రిటైరయ్యారు. ఐర్లండ్‌లో చూసిన ప్రతి పక్షినీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటారు. నాకు ఆ పిచ్చి అంటించిందీ ఆయనే. మా ఇద్దరికీ ఒక పద్ధతుంది. ఒకరు చూసి రాయాలి, రెండోవాళ్ళు కూడా చూస్తేనే కింద సంతకం పెట్టాలి. కూత వింటే చాలదు. చూశానని నేను ఒట్టేసిన డేగను తాను చూడలేదని ఆయన మొహమాటం లేకుండా పుస్తకంలోంచి కొట్టేశారు.

ఆ పుస్తకంలో ఆయనకు మిగిలిపోయింది కార్న్‌క్రేక్. కౌజుపిట్ట కంటే కాస్త పెద్దది, ఇటుకరంగు రెక్కలు. దువ్వెన పళ్ళ మీద గోరు గీసినట్టు కూస్తుంది కానీ గడ్డిలోంచి బయటికి రాదు. ఏళ్ళ తరబడి విన్నారు, ఒక్కసారీ చూడలేదు. ఈలోగా ఆయన చూపు మధ్యలో మరక పడింది. ఎదుటి మనిషి చెవులు కనబడతాయి, ముక్కు కనబడదు. ఈ వేసవి దాటితే కష్టమని డాక్టరు చెప్పేశారు.

"ఒక్కసారి చూస్తే చాలమ్మాయ్. తర్వాత పోతే పోనీ," అన్నారు ఫోన్లో.

మే నెలలో ఒక శనివారం ఇద్దరం పడవెక్కి డోనెగాల్ తీరంలోని చిన్న ద్వీపానికి వెళ్ళాం. తెల్లటి పొగమంచు. సముద్రం ఎక్కడ అయిపోయిందో, నేల ఎక్కడ మొదలైందో తెలియలేదు. ఒక పాడుబడ్డ ఇంటి వెనక రాతి గోడ దగ్గర నిలబడ్డాం. పిట్ట కూస్తూనే ఉంది. వింటూ ఉంటే నిద్రలో ఉన్నామో మెలకువలో ఉన్నామో అన్నట్టుంది.

"అదిగో, వచ్చింది," అన్నారు అంకుల్ మెల్లగా. "ఎర్ర బకెట్ పక్కన, రాయెక్కింది. ఎడమ రెక్కలో ఒక ఈక వేలాడుతోంది. మెడ సాచింది. అబ్బ, నీవైపే చూస్తోంది!"

అక్కడ రాయి ఉంది. బకెట్ లేదు, పిట్టా లేదు. పైగా కూత మా వెనక నుంచి వస్తోంది. ఆయన చూపించిన వైపు నలభై ఫోటోలు తీశాను. అన్నిట్లోనూ గడ్డే.

ఆయన పుస్తకంలో రాసి, పెన్ను నాకిచ్చారు. "నేను చూడలేదంకుల్," అన్నాను. "అవును, నువ్వు చెప్పిందే రైటు," అని పుస్తకం మూసేశారు. తిరిగొచ్చేటప్పుడు పడవలో ఆయన నాతో పరాయివాళ్ళతోలా వాతావరణం గురించి మాట్లాడారు. నామీద నాకే అసహ్యమేసింది.

ఇంటికెళ్ళి చెబితే పన్నెండేళ్ళ మా కూతురు, "జస్ట్ సైన్ చేస్తే ఆయన గ్రాండ్‌గా, హ్యాపీగా ఉండేవారు కదా, అమ్మా," అంది. అది నాకు చేతకాలేదు.

జూన్‌లో ఆయన చూపు దాదాపు పోయింది. ఆ కబురు విన్నాక ఉండబట్టలేక, ఒక ఆదివారం ఎవరికీ చెప్పకుండా ఒక్కదాన్నే ఆ ద్వీపానికి వెళ్ళాను. మళ్ళీ అదే పొగమంచు. గోడ దగ్గర ఎవరో బోర్లించి వదిలేసిన ఎర్ర బకెట్ ఉంది. కాసేపటికి గడ్డి విడివడింది. పిట్ట రాయెక్కింది. ఎడమ రెక్కలో ఒక ఈక వేలాడుతోంది. మెడ సాచి, తిన్నగా నావైపు చూసింది.

కెమెరా మెడలోనే ఉంది. చెయ్యి లేవలేదు. ఎందుకో ఏడుపొచ్చేసింది. ఒక్క ఫోటో కూడా తియ్యలేదు.

తిన్నగా స్లైగో వెళ్ళాను. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు, పొద్దుటి నుంచీ అందులోంచి లేవలేదని ఆంటీ చెప్పారు. "చూశానంకుల్," అన్నాను. పిట్ట గురించి అంతకుమించి చెప్పలేదు. పుస్తకం తీసి, ఆయన రాసిన మే నెల వరుస కింద సంతకం పెట్టి, ఆ ఆదివారం తేదీ వేశాను. పాత తేదీ వెయ్యడం నావల్ల కాదు. ఆ మాటా ఆయనకు చెప్పాను.

ఆయన సంతకం మీద వేలితో తడిమి చూసి, చిన్నపిల్లాడిలా నవ్వారు.

"అయినా ఫోటో తియ్యాల్సిందమ్మాయ్," అన్నారు. "కెమెరా మెడలో వేసుకుని అలా ఏడుస్తూ నిలబడిపోయావేంటి?"

"ఎప్పుడంకుల్?"

"అదే, మనిద్దరం వెళ్ళిన రోజు. పిట్ట నీవైపు చూసినప్పుడు."

ఆయనతో వెళ్ళిన రోజు నేను ఏడవలేదు. ఫోటోలు నలభై తీశాను, ఇప్పటికీ కంప్యూటర్లో ఉన్నాయి. ఏడ్చింది ఆ ఆదివారమే, ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. మేలో ఆయన ఏ రోజును చూశారో నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ కావడం లేదు. ఆయన్ని మళ్ళీ అడగడానికి మాత్రం ధైర్యం చాల్లేదు.