తోడల్లుడి పొగ

బండి పొగ వదలడం తప్పని ఎవరికీ తోచని కాలం ఒకటుండేది. పొగ ఎంత నల్లగా వస్తే ఇంజను అంత బలమైనదని లెక్క. తొంభైలు మొదలయ్యాయో లేదో ఖమ్మానికి పొగ కొలిచే మిషను వచ్చింది, దాంతోపాటు నా కష్టాలూ వచ్చాయి. అప్పట్లో నా మీసాలు నల్లగా, నా జీపు వదిలే పొగ అంతకన్నా నల్లగా ఉండేవి. సర్కారు వేలంలో కొన్న పెట్రోలు జీపది. పెట్రోలు పోయలేక దాని ఇంజను పీకించి, పాతసామాన్ల కొట్టులో దొరికిన చిన్న డీజిలు ఇంజను పెట్టించాను. (కాగితాల్లో ఆ మార్పు రాయించుకున్నాను లెండి, అంత తెగించినవాణ్ణి కాను.) భద్రాచలం, దుమ్ముగూడెం మధ్య జనాన్ని ఎక్కించుకుని తిరిగేవాణ్ణి. ఊళ్ళోకి నాకన్నా ముందు నా పొగ వచ్చేది. జనం దాన్ని 'బొగ్గుబండి' అనేవారు. నాకు కోపం వచ్చేది కాదు. ఉన్న కోపమంతా మా తోడల్లుడి మీదే ఖర్చయిపోయేది.

తోడల్లుడంటే మా ఆవిడ అక్క మొగుడు. సత్తుపల్లి దగ్గర మాగాణి, మామిడితోట ఉన్న మనిషి. తెల్ల చొక్కా, తెల్ల పంచె, తెల్ల కారు. ఆ కారుకీ నాలాగే డీజిలు ఇంజను పెట్టించాడు, కాకపోతే నాదానికన్నా పెద్దది. (ఆయన దగ్గర నాకన్నా పెద్దది కానిదేముంది?) అత్తగారింట్లో ఆయన నవ్వితే అందరూ నవ్వేవారు. నేను నవ్వితే "ఏమైంది?" అని అడిగేవారు. పోనీ గర్విష్టి అయినా బాగుండేది, హాయిగా తిట్టుకునేవాణ్ణి. కనబడగానే భుజం మీద చెయ్యేసి "ఏం తమ్ముడూ, బండి బాగుందా?" అనేవాడు. ఆ పలకరింపుకే నాకు కడుపు మండిపోయేది. ఒక్క చోట మాత్రం నాకు న్యాయం జరిగేది. అల్లుళ్ళిద్దరినీ సమానంగా చూడాలని మా అత్తగారి పట్టుదల. ఆయన పంచెకు ఏ అంచు ఉంటే నా పంచెకూ అదే అంచు. ఆయన విస్తట్లో ఎన్ని గారెలు పడితే నా విస్తట్లోనూ అన్నే. ఆకలి లేకపోయినా సరే, లెక్క తగ్గనిచ్చేవాణ్ణి కాను.

ఆ వేసవిలో బీడీలు చుట్టే తునికాకు కాంట్రాక్టరు ఒకాయన భద్రాచలంలో దిగి, అడవిలో ఆకు ఎండబెట్టే కల్లాల చుట్టూ తిరగడానికి సీజనంతా ఒక బండి కిరాయికి కావాలన్నాడు. చెక్‌పోస్టుల దగ్గర ఆపుతున్నారు కాబట్టి పొగ సర్టిఫికెట్ ఉన్న బండే కావాలన్నాడు. ఆ కిరాయి దొరక్కపోతే నేను జీపు అమ్ముకోవలసిందే. కొనడానికి సిద్ధంగా ఉన్నదెవరు? మా తోడల్లుడే. "బయటోళ్ళకెందుకు తమ్ముడూ, నాకే ఇయ్యి. తోటకి ఎరువు తోలడానికి పనికొస్తది" అన్నాడు, ప్రేమగానే. నా జీపు ఆయన తోటలో కోళ్ళపెంట మోస్తున్నట్టు నాకు కలలొచ్చేవి. అది చాలదన్నట్టు ఆ కిరాయికి తన కారు కూడా పెడతానన్నాడు. "ఊరికే షెడ్డులో ఉంటంది గదా" అన్నాడు. నాకు బతుకుతెరువైంది ఆయనకు 'ఊరికే' అయినందుకు కొన్నాళ్ళపాటు అన్నం సహించలేదు.

ఖమ్మంలో మా ఇద్దరికీ ఒకడే మెకానిక్కు. ఇంజనులోకి డీజిలు చిమ్మే నాజిళ్ళు కడగడంలో మొనగాడు కాబట్టి నాజిల్ భాయ్ అనేవారు. ఇద్దరం ఒకే పొద్దున అతని షెడ్డుకు చేరాం. రెండు బండ్ల నాజిళ్ళూ విప్పి కడిగి, గాలి ఫిల్టర్లు మార్చి, చివరికి పంపు దగ్గరికి వచ్చాడు. పంపు మీద ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పితే ఇంజనుకు పోయే డీజిలు తగ్గుతుంది, డీజిలు తగ్గితే పొగ తగ్గుతుంది. తోడల్లుడి కారుకు ఆ స్క్రూ తిప్పాడు, మళ్ళీ తిప్పాడు, ఆలోచించి ఇంకాస్త తిప్పాడు. నా జీపుకు మాత్రం ఇలా ముట్టుకుని అలా వదిలేశాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఏంది భాయ్, గాయన బండికి గంత తిప్పినవ్, నా బండికి గింతేనా?"

"గాయనది పెద్ద ఇంజన్ అన్నా, మస్తు తాగుతది. నీదానికి గింతే చాలు."

"చిన్నది, పెద్దది అని నాకు చెప్పకు. గాయనకెంత తిప్పినవో నాకు గంత తిప్పు."

నాజిల్ భాయ్ పానా కింద పెట్టి నా మొహంలోకి చూశాడు. "ఇది అత్తగారింట్ల గారెలు కాదన్నా, సమానం పంచనీకి."

గారెల సంగతి ఇతనికెవరు చెప్పారని నేను తోడల్లుడి వైపు ఉరిమి చూశాను. ఆయన పట్టించుకోలేదు. "తమ్ముడు ముచ్చటపడతన్నాడుగా భాయ్, తిప్పు" అన్నాడు. ఆయన సిఫార్సు మీద తిప్పించుకోవడం ఇంకో అవమానం. అయినా తిప్పించుకున్నాను.

పరీక్ష దగ్గర ముందు ఆయన కారు. ఆఫీసరు సైలెన్సరులో గొట్టం పెట్టి "రేస్ చెయ్" అన్నాడు. స్క్రూ అంత తిప్పినా కారు గర్జించి, ఇంత మబ్బు కక్కింది. ఫెయిల్! నా జన్మలో అంత అందమైన పొగ చూడలేదు. తర్వాత నా జీపు. మిషను ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. "ఏందయ్యా, అసలు ఇంజన్ నడుస్తుందా?" అని ఆఫీసరు బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి మరీ సర్టిఫికెట్ ఇచ్చాడు. దాన్ని పట్టుకుని తోడల్లుడి మొహంలో కాస్తంత అసూయ కోసం వెతికాను. నేను ఇన్నేళ్ళు పడ్డదాంట్లో చిటికెడు చాలు. ఆయనేమో నా చెయ్యి పట్టుకుని ఊపేస్తూ "శభాష్ తమ్ముడూ!" అన్నాడు. నా ఆనందం సగం అక్కడే చచ్చిపోయింది.

మిగతా సగం కొత్తగూడెం దాటాక, అడవిలో ఎత్తు మొదలయ్యే చోట చచ్చింది. సాయంత్రంలోగా బండి చూపించకపోతే వేరేది మాట్లాడుకుంటానని కాంట్రాక్టరు ముందే చెప్పాడు. జీపు ఎత్తు సగం ఎక్కి, నిట్టూర్చి, ఆగిపోయింది. పొగ రాలేదు, నిజమే. పొగతోపాటు బలమూ రాలేదు. కట్టెలమోపుతో సైకిలు తొక్కుకుంటూ పోతున్న ముసలాయన నన్ను దాటిపోతూ "తోయమంటవా బిడ్డా?" అని జాలిగా అడిగాడు. స్క్రూ వెనక్కి తిప్పుదామంటే ఎంత తిప్పాలో తెలియదు. (తిప్పితే సర్టిఫికెట్ చెల్లదేమోనని భయం కూడా.) అంతలో వెనక హారను మోగింది. తెల్ల కారు. తోడల్లుడు దిగి, సంగతి చూసి, డిక్కీలోంచి మోకు తీశాడు.

"నేను లాగుతా, కూర్చో."

"నీ బండి ఫెయిలయింది గదా, నువ్వెందుకొస్తున్నవ్ అన్నా?"

"నాది ఫెయిలయితే ఏంది? నీది పాసయిందిగా. కిరాయి పోనిస్తామా?"

అలా ఫెయిలైన బండి ముందు, పాసైన బండి వెనక, మధ్యలో మోకుతో భద్రాచలం బయలుదేరాం. ఆయన ఇంజను వదిలిన ప్రతి మబ్బూ నేరుగా నా మొహానికే. దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ, జేబులో నా స్వచ్ఛతకు సర్కారువారిచ్చిన కాగితం పెట్టుకుని పోయాను. అంతకన్నా పెద్ద బాధ, తిట్టుకోవడానికి ఆయన ఒక్క కారణమైనా మిగల్చకపోవడం. మంచితనంలో కూడా నన్ను దాటేశాడే అని ఏడుపొచ్చింది. (పొగ కాబట్టి ఎవరికీ తెలియలేదు.)

కాంట్రాక్టరు మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "ఈ రెండిట్ల సర్టిఫికెట్ ఏ బండికుంది?"

"వెనకదానికి" అన్నాను.

"నడిచేదేది?"

"ముందుది."

ఆయన తల పట్టుకున్నాడు. తోడల్లుడు అడ్డం వచ్చాడు. "బండి మంచిదేనండీ, స్క్రూ బిగిసింది, అంతే. మా తమ్ముడికి తెలియని అడవి దారి లేదు. ఇంకొకళ్ళని చూడొద్దు." కాంట్రాక్టరు లారీ డ్రైవరు స్క్రూను ఇంచుమించు నాజిల్ భాయ్ మొదట పెట్టినంతకు తెచ్చాడు. జీపు లాగింది, పొగా పెద్దగా రాలేదు. కిరాయి నాకే ఖాయమైంది. ఇంటికెళితే మా ఆవిడ నా మొహం చూసి హడలిపోయి "ఎవరి పొగ ఇది?" అంది. మీ బావదన్నాను, జరిగింది చెప్పాను. "మా బావ ఎంత మంచోడో!" అంది. కనీసం నేను మొహం కడుక్కునేదాకా ఆగొచ్చు కదా.

ఇప్పుడాయనకు మోకాళ్ళ నొప్పులు, కారు నడపడు. దవాఖానాకు నేనే తీసుకెళతాను. అక్కడ పక్కన ఎవరు కూర్చున్నా సరే, ఈ కథ మొదలుపెడతాడు. "ఆ రోజు నా బండి ఫెయిలయిందండీ, మా తమ్ముడిది పాసయింది. సీజను కిరాయి మొత్తం మావాడే కొట్టాడు!" అని గర్వంగా నా వైపు చూపిస్తాడు. వినేవాళ్ళు నన్ను మెచ్చుకోలుగా చూస్తారు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు చెప్పాడో, మోకు సంగతి మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. నేను నవ్వుతూ తలాడిస్తాను గానీ, లోపల పాత మంట కొద్దిగా రాజుకుంటుంది. లాగింది నేనైతే, ఆ మోకు గురించి జిల్లా అంతా చెప్పి ఉండేవాణ్ణి.