ప్రార్థన లేకుండా పంపిన ఆదివారం

మా ఇంట్లో గడప దాటే మనిషి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయకుండా ఎవరినీ బయటికి పంపం. తమిళ ఊరైన సింగానల్లూరులో మేముండే వీధి నిండా పంపుసెట్ల వర్క్‌షాపులే. ఆ షట్టర్ల చప్పుడు మొదలు కాకముందే మా అత్త లేచి, కొంగు తల మీదికి లాక్కుని, తమిళ బైబిల్లో ఒక అధ్యాయం చదువుతుంది. తమిళ బడిలోనే చదివిన ఆమెకు తెలుగు చదవడం రాదు. నేనూ తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాకే పట్టుబట్టి నేర్చుకున్నాను. కళ్ళు మూసుకున్నాక మాత్రం "ఆండవరే" అని తమిళంలో దేవుణ్ణి పిలిచి, చెప్పుకోవలసిందంతా తెలుగులోనే చెప్పుకుంటుంది. ఆ తరువాతే కాఫీ.

నా ప్రార్థన వేరే రకం. ఇంట్లో కూర్చుని మోటార్లకు కాయిల్ చుట్టే పని నాది. ఒక్క చుట్టు తప్పినా సూపర్‌వైజరు చేత మాట పడాలి. ప్రార్థనలో నాకు ఆ సూపర్‌వైజరు గొంతే వచ్చేది. టైర్లు చూసుకో, బ్రేకు చూసుకో, తాగి నడిపేవాడెవడూ ఎదురు రాకుండా చూసుకో అని దేవుడికే పనులు పురమాయించేదాన్ని. ఏ ఒక్కటి మరిచిపోయినా సరిగ్గా అక్కడే దెబ్బ తగులుతుందని భయం.

ఆ భయానికి కారణముంది. మా ఆయనకు పదేళ్ళప్పుడు మా మామ సైకిల్ మీద మిల్లుకు పోతూ లారీ కింద పడి చనిపోయాడు. ఆ ఒక్క రోజు ప్రార్థన చేయించుకోకుండా వెళ్ళాడట. కాపురానికి వచ్చిన వారంలోనే ఈ సంగతి నా చెవిన పడింది. మా ఆయన కూడా లారీ నడుపుతాడు, మేలూరు దగ్గరి క్వారీల నుంచి గ్రానైట్ పలకలు తెస్తాడు. ఇక నాకు నిద్ర ఎట్లా పడుతుంది?

ఆదివారం బండి తీయకూడదనేది మా ఇంట్లో ఇంకో కట్టుబాటు. ఆరు రోజులు ఒళ్ళు హూనం చేసుకున్నవాడు ఏడో రోజు చర్చికి పోవాలి, కడుపు నిండా తినాలి, పడుకోవాలి. పోయిన ఏడాది ఒక ఆదివారం, ఓనరు పోరు పడలేక ఆయన లోడుకు ఒప్పుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. అత్త అప్పటికే తెల్లవారుజాము ఆరాధనకు వెళ్ళిపోయింది. ఆయన చెప్పులేసుకుని గడప దగ్గర తల వంచి నిలబడ్డాడు.

"జెబం చెయ్యవా?" అన్నాడు. ప్రార్థనకు మా వాళ్ళ మాట అది.

"ఆదివారం బండి తీసేవాళ్ళకు జెబం యానికి? మీ ఓనర్నే చెయ్యమనండి," అన్నాను.

ఆయన వంచిన తల ఎత్తకుండానే వెళ్ళిపోయాడు.

వీధి మలుపు తిరిగాడో లేదో నా కోపం చల్లారిపోయింది. బండి ఆపే చోటికి పరిగెత్తుకుంటూ పోయాను. బండి లేదు. రెండో ఆరాధనలో పాస్టరు ఏం చెప్పాడో ఒక్క ముక్క చెవికెక్కలేదు. సైకిలూ లారీ చక్రమూ కళ్ళ ముందు తిరుగుతూనే ఉన్నాయి. ఇంటికొచ్చి పది సార్లు ఫోన్ చేశాను. మోగుతుంది, ఎత్తడు. ఆదివారం పనికి పోయాడని మొగుణ్ణి తిట్టినదాన్ని, చేతులు ఊరికే ఉంటే పిచ్చెక్కేలా ఉందని కాయిల్ మిషన్ ముందు కూర్చున్నాను. చుట్టడం, లెక్క తప్పడం, విప్పడం. మధ్యాహ్నమంతా అదే సరిపోయింది.

అత్త వచ్చి వెనకాల నిలబడింది. "ఏమయ్యింది పాపా? ఈ పొద్దు మిషన్ ముట్టినావే?"

ఏడుస్తూ అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఆమె ముఖంలో రక్తం లేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. ఆయనే. గబగబా స్పీకర్ నొక్కాను.

"ఒడ్డంచత్రం కాడ రోడ్డు ఓరంగా బండి నిలిపి ఉండా. రెండు గంటలాయె," అన్నాడు.

"ఏమైంది? దెబ్బలు తగిలినాయా?"

"ఏమీ కాలే. పొద్దున్నించి చేతులు వణుకుతా ఉండాయి. ఎదురుగా లారీ వస్తే నాయనే కనిపిస్తాడు. జెబం లేకుండా పంపిస్తివి గదా. వెనకాల చూస్తే అంత రాయి. నేను తోలలేను."

పొద్దుటి నుంచి దేవుడు ఏం శిక్ష వేస్తాడో అని వణికిపోతున్నదాన్ని. ఆ శిక్ష నేనే వేసి పంపానని అప్పుడు అర్థమైంది.

అత్త నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "రేయ్, విను. మీ నాయన పొయ్యిన దినం నేను జెబం చేసే పంపిస్తి. తలమింద చెయ్యి పెట్టి, దినమూ కన్నా నిదానంగా చేస్తి. ఆయన ఆమెన్ అనే గడప దాటినాడు."

ఆయన అటునుంచి అడిగాడు, "మరి చెయ్యకుండా పొయ్యినాడని చెప్తివే?"

"చేసినా పొయ్యినాడని చెప్తే నువ్వు మళ్ళ మోకాళ్ళేసి జెబం చేసుంటావా? పదేండ్ల పిల్లోడివి. అబద్దం చెప్తి. తప్పే." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇప్పుడు బండి తియ్యద్దు. అక్కడే పండుకో. ఈ పొద్దు ఆదివారం. చేతులు నిదానమైనంక రా. ఓనరు అరిస్తే అరవనీ."

సరి అన్నాడు. ఫోన్ పెట్టేశాక అత్త గోడకు ఆనుకుని కూలబడింది. ఆమె మీద జాలి పడాల్సింది, నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు నన్ను ఆ అబద్ధంతో వణికించింది కదా అని.

"చేసినా పొయ్యేవాళ్ళు పోతారంటే, గడపకాడ ఈ జెబమంతా యానికత్తా?" అని గట్టిగానే అడిగాను.

"నాకు భయం పాపా," అంది. "ఆయన పొయ్యినాటి నించి భయం లేకుండా ఒక్క పొద్దు కూడా లేవలే. ఒక్కదాన్నే భయపడేకి నాకు చేతకాదు. అందుకే ఆండవరు కాడ పోయి కూర్చుంటా. అంతే."

ఆయన క్షేమంగానే ఇల్లు చేరాడు. ఈ మాట ఇప్పుడు తేలిగ్గా రాస్తున్నాను గాని, అప్పుడు మాకు తెలియదు. నేను మిషన్ మీద గుడ్డ కప్పి, చాప పరిచి, అత్త పక్కన కూర్చుని కళ్ళు మూసుకున్నాను. టైర్లు గుర్తొచ్చాయి, బ్రేకు గుర్తొచ్చింది. ఏదీ అడగబుద్ధి కాలేదు.

"ఆండవరే, నాకు భయంగా ఉండాది," అన్నాను. ఆ తరువాత మాట రాలేదు. అత్త కాసేపు చూసి, దానికే ఆమెన్ అంది.