ఊదకూడని బుడగ

మా థియేటర్లో మత్తు డాక్టరుగారిని అందరూ చాటుగా దుప్పటమ్మ అంటారు. పిల్లల ఆపరేషను ఉందంటే చాలు, ఏసీ ఆపించేస్తుంది, దుప్పట్లు వెచ్చబెట్టిస్తుంది. సర్జనుగారు చెమటలు కక్కుతూ "ఇది థియేటరా, ఇటుకల బట్టీనా?" అని రుసరుసలాడతారు. ఆవిడ ఆ మాట చెవిన వేసుకోదు. నర్సుగా ఆవిడ పక్కన నిలబడీ నిలబడీ నాకూ ఆ ఉక్క అలవాటైపోయింది.

ఆవిడ పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయాక ఒక్కతే ఉంటోంది. "ఇంట్లో ఎవరెవరున్నారు?" అని కొత్తవాళ్లు అడిగితే, "ఫ్రిజ్ ఉంది. రాత్రంతా గురకపెడుతుంది" అంటుంది. అందరూ నవ్వుతారు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది, ఎవరిమీదో తెలియదు.

కోసినాయన దేవుడవుతాడు. నిద్రపుచ్చి, ఊపిరికి కాపలా కాసి, మళ్లీ లేపిన మనిషి ఎవరికీ గుర్తుండదు. పిల్లలకైతే మరీను. భయం పోవడానికి ముందుగా మేం తాగించే సిరప్, ఆ తర్వాత జరిగినదాన్ని మనసులోంచి తుడిచేస్తుంది.

ఆ రోజు వచ్చిన పాపకి ఏడేళ్లుంటాయి. రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు పుట్టుకతోనే ఉంది. దానివల్ల మెదడుకి వెళ్లే రక్తనాళాలు సన్నబడిపోయాయి. అప్పటికే ఒకసారి కుడిచెయ్యి పడిపోయి, ఎలాగో తిరిగొచ్చింది. తలమీది నాళం ఒకదాన్ని మళ్లించి మెదడుకి కొత్త దారి వెయ్యాలి. అలాంటి పిల్లలకి చలి తగలకూడదు, గొంతు ఎండకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా ఏడవకూడదు. వెక్కివెక్కి ఏడిస్తే ఊపిరి మరీ ఎక్కువగా ఆడుతుంది, దాంతో మెదడులోని నాళాలు ఇంకా బిగుసుకుంటాయి. ఈసారి చెయ్యి పడిపోతే తిరిగి రాకపోవచ్చు. మాట కూడా పోవచ్చు.

"ఏం చేస్తారో నాకు తెలీదు, పాప మాత్రం ఏడవకూడదండీ" అని డాక్టరమ్మ తండ్రికి ముందురోజే చెప్పింది. పాపం, ఆ మనిషి ఆ మాటే పట్టుకున్నాడు.

పొద్దున సిరప్ తాగించి, లోపల మందులు సర్దుకుంటున్నాం. బయటి గదిలోంచి పాప నవ్వు, మధ్యమధ్యలో ఉఫ్ ఉఫ్ మని ఊదుతున్న చప్పుడు వినిపించాయి. బాగానే ఉందిలే అనుకున్నాను. డాక్టరమ్మ మాత్రం చేతిలో సిరంజి అక్కడే పెట్టేసి పరుగులాంటి నడకతో వెళ్లింది. వెనకే నేనూ వెళ్లాను. తండ్రి ఎర్ర బుడగ కొనుక్కొచ్చాడు. "ఊదు తల్లీ, ఇంకా గట్టిగా!" అంటున్నాడు. పాప బుగ్గలు పొంగించి ఊదుతోంది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఏడిస్తే ఏ ముప్పో, అలా ఊదినా అదే ముప్పు. ఏడవకూడదని చెప్పాం గానీ ఊదకూడదని ఆయనకి ఎవరు చెప్పారు? గబుక్కున లాక్కోబోయాను. డాక్టరమ్మ మోచేత్తో నన్ను ఆపింది. లాక్కుంటే పాప రాగం తీస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆవిడ పాప ఎదురుగా నేలమీద చతికిలబడింది. "అబ్బ, ఎంత బావుందో! నాకెప్పుడూ ఎవరూ బుడగ కొనిపెట్టలేదే."

పాప ఊదడం ఆపింది. "ఎవ్వరూనా?"

"ఎవ్వరూ."

"మీ నాన్న?"

"నా చిన్నప్పుడే పోయాడమ్మా."

అది అబద్ధం కాదు. నాకు తెలుసు.

పాప కాసేపు ఆలోచించి బుడగ చేతికిచ్చింది. "ఒక్కసారే. మళ్లీ ఇచ్చెయ్యాలి."

డాక్టరమ్మ గాలంతా పక్కలనించి పోనిచ్చి బుర్రుమనిపించింది. "నీకు ఊదడం కూడా రాదా!" అని పాప నవ్వింది. అప్పటికే కళ్లు వాలిపోతున్నాయి.

"రాదు. నువ్వు పడుకో. ఈలోగా నేర్చుకుని ఊది ఉంచుతా, లేచాక ఇస్తా."

"ఒట్టు?"

"ఒట్టు."

పాప ఆవిడ భుజం మీదే తల వాల్చింది. ఒక్క కన్నీటిచుక్క రాలేదు. ఆవిడే ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లింది. బుడగ నేను ఊది, ముడేసి, బట్టలు మార్చుకునే గదిలో కొక్కేనికి కట్టాను.

సాయంత్రం పాప కళ్లు తెరిచింది. "నా వేలు పట్టుకో" అంటే కుడిచేత్తో గట్టిగా పట్టుకుంది. "మంచినీళ్లు" అంది, ముత్యంలా. తండ్రి సర్జనుగారి రెండు చేతులూ పట్టుకుని భోరుమన్నాడు. ఆయన ఏడవొచ్చు.

వాళ్లు అటు మాట్లాడుకుంటుంటే డాక్టరమ్మ వెళ్లి బుడగ తెచ్చింది. "ఇదిగో, నీ బుడగ."

పాప ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. "నాది కాదు. నువ్వెవరు?"

"నేనా? ఇక్కడే పనిచేస్తా."

"అయితే నీదేమో. నువ్వే ఉంచుకో."

ఆవిడ నవ్వి, పాప పాదాల మీద దుప్పటి సర్ది వచ్చేసింది. "మా ఇంటికి రండి, భోంచేసి వెళ్దురుగాని" అన్నాను. "ఇంకోరోజు వస్తాలే" అంది, ఎప్పటిలాగే.

బస్టాపులో ఇద్దరం మళ్లీ కలిశాం. బస్సు కిక్కిరిసి వచ్చింది. నేను ఎలాగో దూరాను. ఆవిడ మెట్టు మీద కాలు పెట్టబోయి, చేతిలో బుడగ చూసుకుని, వెనక్కి తగ్గింది. కిటికీలోంచి చూశాను. బుడగని గుండెకి ఆనించుకుని తర్వాతి బస్సు కోసం నిలబడి ఉంది. ఇంత ఆలస్యమైందేమని అడిగేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు.