గేర్‌బాక్స్ నూనె మార్చిన ఆదివారం

పాప నిద్రపోయింది. సబ్బుతో ఎంత రుద్దినా నా వేళ్లకు గేర్‌బాక్స్ నూనె వాసన పోలేదు. సాయంత్రం సెల్లార్‌లో పాత కారు బానెట్ ఎత్తి, నూనె మట్టం చూసే పొడుగాటి పుల్లను లాగినప్పుడు అంటుకుంది. ఇంజిన్ నూనెలా ఉండదది. కొంచెం తీపిగా, కొంచెం మాడినట్టుగా ఉంటుంది. ఆ వాసన తగిలితే చాలు, ప్రమీలక్క నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నట్టే ఉంటుంది.

హైటెక్ సిటీలో నా మొదటి ఉద్యోగంలో ఆమె నా టీమ్ లీడ్. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం మా పని. "ఇది బాగానే పనిచేస్తోంది మేడమ్" అని ఎవరన్నా తల ఎత్తకుండా ఒకే మాట అడిగేది: "చూసినవా, అనుకుంటున్నవా?" పెళ్లయ్యాక నల్లగండ్లలో ఆమె ఉండే అపార్ట్‌మెంట్‌లోనే మాకు ఇల్లు కిరాయికి దొరికింది. మేడమ్ అక్క అయింది. పాప పుట్టాక నన్ను భయం పట్టుకుంది. నిద్రలో ఊపిరి ఆడుతోందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఒళ్లు కాలుతోందని ఏడుస్తూ వెళ్లి తలుపు కొడితే, "థర్మామీటర్ పెట్టి చూసినవా, అనుకుంటున్నవా?" అనేది. అంటూనే చెప్పులు తొడుక్కుని నాతో వచ్చేది.

ఆమె ఒక్కతే ఉండేది. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక ఎడమ చేయి సరిగ్గా లేవలేదు. గేర్లు వాటంతటవే మారే తన పాత కారు తప్ప మరొకటి నడపలేకపోయేది. రోజూ పొద్దున దవాఖానకు, రేడియేషన్ కోసం, అందులోనే వెళ్లేది. నేను తోడొస్తానంటే ఒప్పుకునేది కాదు. "దవాఖానల వాళ్లు పండుకోమంటే పండుకుంట, కదలొద్దంటే కదల. పోయే తొవ్వన్న నా చేతిల ఉండనియ్యి" అనేది.

అలాంటి సమయంలో కారు గేరు మారిన ప్రతిసారీ ఎవరో వెనక నుంచి తన్నినట్టు కుదపడం మొదలుపెట్టింది. చందానగర్ మెకానిక్ ఒక చుట్టు నడిపి, గేర్‌బాక్స్ అయిపోయింది, అమ్మెయ్యమన్నాడు.

"విప్పి చూడనే లేదు," అంది అక్క. "ఆదివారం మనమే నూనె మారుద్దాం. నాకు చెయ్యి లేదు, నీకు ధైర్యం లేదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి."

కారు ముందు భాగం లేపి స్టాండ్ల మీద నిలబెట్టడానికి వాచ్‌మన్ యాదయ్య సాయం పట్టాడు గానీ, ఆయనకు మనసొప్పలేదు. "నూనె కారితే ప్రెసిడెంట్ సారు నన్ను అంటడు మేడమ్."

"ఈ నూనె ఎర్రగనే ఉంటది, పాపకు దిష్టి తీసిన నీళ్లని చెప్పు యాదయ్యా. సారు తొక్కకుండ సుట్టు తిరిగి పోతడు."

నేను చాప మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి జరిగాను. అక్క ప్లాస్టిక్ కుర్చీలో వంగి, కుడిచేత్తో టార్చి పట్టుకుంది. గేర్‌బాక్స్ అడుగున నూనె నిలిచే పళ్లెం ఉంటుంది. దాని బోల్టులు ఒక పక్క వదులు చేసి వంచితే, కషాయంలాంటి నూనె టబ్బులోకి జారింది. పళ్లెం తుడవడానికి నేను తెచ్చిన గుడ్డ మీదికి అక్క టార్చి తిప్పింది. అది పాప పాత లంగోటీ, ఉతికి ఆరేసినది.

"పిల్లకు మెత్తగుంటదని గేర్‌బాక్స్‌కు గూడ గదే తెచ్చినవా? దీని నూగు లోపలికి పోతే సన్న దారులు మూసుకపోతయి. తీసెయ్ తల్లీ." నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది.

పళ్లెం అడుగున ఒక అయస్కాంతం ఉంటుంది. దానికి మెత్తటి బూడిద అంటితే ఫికర్ లేదని, పలుకులుంటేనే ముప్పని ముందే చెప్పింది. బూడిదలో నా వేలికి గరుకుగా ఇనుప పలుకులు తగిలాయి.

"ఎట్లుంది?"

"కొంచెం బూడిదే అక్కా."

"ఇటు తే."

టార్చి వేసి చాలాసేపు చూసింది. "గేర్ల పండ్లు అరిగినయి. ఎక్కువ దినాలు నడవది," అంది. నేను కారు కింద నుంచే అడిగాను: "మరి కొత్త నూనె ఎందుకక్కా?"

"నడిచినన్ని దినాలు కుదుపు లేకుండ నడవనీకి. నూనె వడగట్టే జాలీ మార్చి పళ్లెం బిగించు."

పారిన నూనెను కొలిచి, అంతే కొత్తది పోశాం. కుదుపు పూర్తిగా పోలేదు, తగ్గింది. ఆమె చికిత్స అయ్యేదాకా, ఆ తర్వాత పరీక్షలకు కూడా, పోయే తొవ్వ తన చేతిలోనే ఉంది.

జబ్బు ఎముకల్లోకి పాకిందని తెలిశాక ఒక సాయంత్రం తాళాలు పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. "రేపు జర నువ్వు నడుపుతవా?" కప్పు చక్కెర బదులడిగినట్టు అడిగింది. లైసెన్స్ ఉన్నా పెళ్లయినప్పటి నుంచి నేను స్టీరింగ్ ముట్టలేదు. "సరే అక్కా" అనేశాను.

మర్నాడు ఖాజాగూడ గుట్టల దగ్గర సిగ్నల్‌లో నాకు ఏడుపు ఆగలేదు. ఆమె కిటికీ వైపు చూస్తూనే అంది: "ఏడ్వు. కని అద్దాలు చూస్కుంట ఏడ్వు."

వానలు మొదలవకముందే వెళ్లిపోయింది. కారు నాకివ్వమని చెప్పి పోయిందట, ఆమె తమ్ముడు తెచ్చి ఇచ్చాడు.

నా భయం ఎక్కడికీ పోలేదు. ఇప్పటికీ పాప ఒళ్లు కాలితే థర్మామీటర్ వెతికే లోపే ఏడుపు వస్తుంది. అలాంటప్పుడు, ఆమె ఆ సాయంత్రం మా గుమ్మంలో నిలబడి అడిగితే భయం కన్నా ముందే నా నోట వచ్చిన ఆ "సరే" కోసం లోపల వెతుక్కుంటాను. కొన్నిసార్లు దొరుకుతుంది. దొరకని రోజు, పాపను ఎత్తుకుని అక్క ఉండిన ఇంటి తలుపు దాకా వెళ్తాను. అక్కడ ఇప్పుడు ఎవరో కొత్తవాళ్లు. తలుపు కొట్టకుండానే సెల్లార్‌లోకి దిగి, ఆ కారు బానెట్ ఎత్తుతాను.