ఉత్తినే ఎగిరే పిల్ల

ఆ పిల్లను అందరూ నిచ్చెన అనేవారు. ఫ్యాను రెక్కలు తుడవాలంటే పక్కింటివాళ్ళు కుర్చీ తెచ్చుకునేవారు, వీళ్ళు కూతుర్ని పిలిచేవారు. తడిగుడ్డ పట్టుకుని వచ్చి, మునివేళ్ళ మీద నిలబడి తుడిచేసి పోయేది. దీన్ని ఎవరు చేసుకుంటారే అని తల్లి దిగులు పడుతుంటే, "దీని పొడుగుకి పని నేను చూపిస్తా ఉండు" అని అన్నయ్య ఆమెను వాలీబాల్ కోర్టుకు లాక్కెళ్ళాడు.

అక్కడ ఆమెకు దొరికిన చోటు నెట్టుకు దగ్గరగా, నడిమధ్య. మిడిల్ బ్లాకర్ అంటారు. అవతలివాళ్ళు కొట్టబోతే చేతులు గోడలా లేపి అడ్డుకోవాలి. అది అందరికీ కనబడే పని. కనబడని పని ఇంకొకటి ఉంది. తమవాళ్ళు కొట్టే వంతు వచ్చినప్పుడు, బంతి తనకే వస్తున్నట్టు ముందే పైకి లేవాలి. అది నమ్మి అవతలివాళ్ళు కూడా ఆమె ఎదుట లేస్తారు. అప్పుడు బంతిని ఎత్తి అందించే సెట్టర్ మనసైతే ఆమె చేతికి ఇస్తుంది, లేకపోతే ఆమె తల మీదుగా నెట్టు చివరనున్న అమ్మాయికి పంపిస్తుంది. చుట్టాలు వస్తారో రారో తెలియకపోయినా పొయ్యి వెలిగించి కూర్చోవడం లాంటి పని అది.

ఆ సెట్టర్ నిచ్చెనకు వదిన. చెల్లెల్ని రోజూ దింపడానికి వచ్చి వచ్చి అన్నయ్య ఆ అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దర్నీ ఒకే క్లబ్బు తీసుకుంది. ఆ రోజుల్లో వదిన వేసే బంతి, ముద్ద కలిపి నోట్లో పెట్టినట్టు, సరిగ్గా అరచేతిలోకి వచ్చేది. "అమ్మడూ, లే!" అనేది. లేచేది. అంతే, అవతల నేల దద్దరిల్లేది.

ఒకనాడు ఆట మొదలవబోతుంటే నిచ్చెన మోకాలి పట్టీలు ఇంట్లో మర్చిపోయి వచ్చిందని తెలిసింది. తెస్తానని అన్నయ్య బండి మీద వెనక్కి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు మలుపులో లారీ కొట్టేసింది. పట్టీలు చొక్కాలోపల దోపుకుని ఉన్నాయి. వాటికి మట్టి కూడా అంటలేదు.

ఆనాటి నుంచి వదిన ఆమెతో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే బస్సులో వెళతారు, ఒకే కోర్టులో చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడతారు. చెప్పాల్సిందేమైనా ఉంటే మూడో మనిషి కావాలి.

"అత్తయ్యా, కంచం తీసుకోమనండి."

"అమ్మా, ఆకలి లేదని చెప్పు."

"నా నోరేమన్నా మీ ఇద్దరి ఫోనా?" అని ఆ తల్లి ఒకసారి గరిటె విసిరికొట్టింది. కొడుకు పోయిన ఇంట్లో ఆవిడ ఏడుపుకు వీళ్ళిద్దరి మధ్య చోటే దొరకలేదు.

కోర్టులో బంతి రావడం ఆగిపోయింది. నిచ్చెన ఎగిరేది, అవతలివాళ్ళు ఆమె ఎదుట లేచేవాళ్ళు. బంతి మాత్రం తల మీదుగా వెళ్ళి చివరి అమ్మాయికి చేరేది. ఎడంచేత్తో కొడుతుంది కాబట్టి ఆ అమ్మాయిని ఎడంచెయ్యి అనేవారు. పాయింట్లన్నీ ఆమెవే, పేపర్లో ఫోటోలూ ఆమెవే.

ఆ ఏడాది చివరి ఆటకు ముందు కోచ్ నిచ్చెనను పిలిచాడు.

"నీకు పాయింట్లేవీ? ఈ ఒక్క ఆటలోనైనా నాలుగు కొట్టకపోతే వచ్చే ఏడాది నీ చోటు బెంచీ మీదున్న పిల్లకి ఇచ్చేస్తారు. నేను చెయ్యగలిగింది లేదు."

"బంతి వస్తే కదా సార్ కొట్టేది."

"మీ ఇంటి గొడవ గుమ్మం దగ్గరే వదిలేసి రా. నాకు చెప్పకు."

ఆ చోటు తప్ప ఆమెకు వేరే బతుకు తెలియదు. పైగా అది అన్నయ్య చెయ్యి పట్టుకుని చూపించిన చోటు.

మొదటి సెట్టు గెలిచారు. నిచ్చెన ఎప్పటిలాగే ఉత్తినే ఎగిరింది. రెండో సెట్టులో ఆగిపోయింది. వదిన బంతి కిందికి చేరుతుంటే, ఈమె చేతులు వేలాడేసి నేల మీదే నిలబడింది. అవతలివాళ్ళకు నమ్మాల్సింది ఏమీ మిగలలేదు. వాళ్ళలో ఇద్దరు కలిసి ఎడంచెయ్యి ముందు గోడ కట్టారు. కొట్టిన బంతి కొట్టినట్టే ఆమె మొహానికి వచ్చింది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ వచ్చింది.

"ఏమే, కాళ్ళకి మేకులు కొట్టారా?" అని ఎడంచెయ్యి అరిచింది.

కోచ్ టైమ్ అవుట్ అడిగి, బెంచీ మీది పిల్లను లేవమన్నాడు.

"దాన్ని తియ్యకండి," అంది వదిన. "ఈ బెంచీ పిల్ల ఎగిరితే ఎవరూ నమ్మరు." అని, అంతకాలం తరువాత మొదటిసారి సూటిగా నిచ్చెన మొహంలోకి చూసింది. "ఎగురు."

"బంతి ఇస్తావా?"

"ఇవ్వను. నీ వైపు తిరిగితే నాకు ఆ పట్టీలే కనబడతాయి. ఎగురు."

నిచ్చెన చెమట తుడుచుకుంది. చాలాకాలం నుంచి పళ్ళ వెనక దాచుకున్న మాట ఒకటి ఉంది.

"నేను పట్టీలు వద్దన్నాను వదినా. ఒక్కరోజుకి ఏం కాదులే అన్నాను. వెళ్ళి తెమ్మని పంపింది నువ్వు."

వదిన మొహం గోడకు సున్నం వేసినట్టయింది. ఈల మోగింది.

తిరిగి నిలబడ్డాక నిచ్చెన కాళ్ళు వాటంతట అవే లేచాయి. బంతి వచ్చింది. ప్రేమగా రాలేదు, రాయి విసిరినట్టు వచ్చింది. కొట్టింది. మళ్ళీ వచ్చింది, మరీ కిందికి, మణికట్టు విరిగేలా. దాన్నీ కొట్టింది. ఆ సాయంత్రమంతా వదిన ఆమె మీదికి బంతులు విసురుతూనే ఉంది, ఆమె వాటిని అవతల పడేస్తూనే ఉంది. గ్యాలరీలో జనం లేచి నిలబడ్డారు. "వదినామరదళ్ళంటే ఇలా ఉండాలి!" అని ఎవరో ఈల వేశారు.

ఆట గెలిచారు. చోటు నిలిచింది. వదిన ఆ వారమే బట్టలు సర్దుకుని క్లబ్బు హాస్టల్లో గదికి మారిపోయింది. తల్లి గుమ్మం పట్టుకుని నిలబడి, ఈసారి ఎవరి మాటా ఎవరికీ మోయలేదు.

కొత్త సీజన్లో బంతి తప్పకుండా వస్తోంది. మాటే లేదు. అన్నయ్య పోయినప్పటి నుంచి పట్టీలు లేకుండా ఆడి ఆడి నిచ్చెన మోకాలు వాచింది. ఒకరోజు ప్రాక్టీసులో దిగుతూ కుంటింది. ఆమె కుంటడం వదిన చూసింది, చూసి కోచ్ వైపు తిరిగింది.

"దాన్ని పట్టీలు వేసుకోమనండి సార్."

నిచ్చెన కూడా కోచ్ వైపే తిరిగింది.

"తెచ్చిచ్చేవాడు లేడని చెప్పండి సార్."

కోచ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఈల ఊదాడు. వదిన బంతి కిందికి వెళ్ళింది. నిచ్చెన వాచిన కాలి మీదే లేచింది.