కుండ అడుగు జున్ను

మా అత్త పోయింది. కార్తీకం మొదట్లో ఒక పొద్దున నేను గంజి పట్టుకుని పోయేసరికి మంచంలో చల్లబడి ఉంది. వానకాలమంతా ఆమెను లేపి, కూర్చోబెట్టి, పడుకోబెట్టి నా నడుము పడిపోయింది. దాచడం ఎందుకు, మొదట నాకు వచ్చింది ఏడుపు కాదు, నిద్ర. ఏడుపు తర్వాత వచ్చింది. ఇంకా పోలేదు.

పలకరించడానికి వచ్చినవాళ్లందరూ ఆమె జున్ను గురించే మాట్లాడారు.

కొల్లాపురం వైపు మా ఊర్లో మాది నేత ఇల్లు. మా ఇంటాయన మగ్గం మీద, అత్త రాట్నం దగ్గర. వెనక దొడ్డిలో ఒక బర్రె, కంచె పొడుగునా సీతాఫలం చెట్లు. బర్రె ఈనిందంటే మాత్రం రాట్నం ఆగిపోయేది. ముర్రుపాలలో బెల్లం, మిరియాల పొడి కలిపి అత్త కుండను ఆవిరికి కాకుండా నేరుగా పొయ్యి మీదనే పెట్టేది, అడుగు ఎప్పుడూ మాడేది. పక్కనే పిడకల నిప్పుల్లో సీతాఫలాలు కప్పేది. కాయలు తెంపే పని నాది. పచ్చిది తెస్తే ఊరుకునేది కాదు.

"కండ్లు తెరిచిన కాయనే తెంపు పిల్లా. కండ్లు మూసుకున్నదాన్ని ఎంత కాల్చినా అది రాయే."

తొక్క నల్లబడ్డాక కాయను విప్పి, గింజలు తీసి, పొగలు కక్కే గుజ్జును వేడి జున్ను మీద పెట్టి మోదుగాకు దొప్పల్లో పంచేది. జొన్నరొట్టె కాల్చకముందే పంచాలి. "ఆకలి మీద తింటేనే జున్ను. రొట్టె తిన్నంక తింటే మందు మింగినట్టే" అనేది.

పంచడానికి ఆమెకొక పద్ధతి ఉండేది. దూడ కడుపు నిండాలి, తర్వాత వాడంతా తినాలి, తర్వాతే ఇల్లు. ఇంట్లో కూడా పిల్లలు, మా ఆయన, నేను తిన్నాక, కుండ ముందేసుకుని ఆల్చిప్పతో గీకేది. ఆమెది ఎడమచేతి వాటం. గరగరా చప్పుడు మగ్గం దాకా వినబడేది. "నాకు గీ మాడుడే ఇష్టం" అనేది. ఇష్టమేమో అనుకున్నాం.

సర్కారోళ్లు లెవీ కింద జొన్నలు బండ్లకెత్తుకుపోయిన యేడు కూడా దొప్పలు వాడకు పోయాయి. నాకు ఒళ్లు మండింది.

"మనింట్ల గింజల్లేవు, వాడకు పంచుడేంది అత్తా?"

"వాడకు మాత్రం ఉన్నయా బిడ్డా?"

ఆమెతో గెలవడం ఎవరి తరం! దొప్పలు పట్టుకుని గొణుక్కుంటూ బయలుదేరాను.

ఈ యేడు మంచం పట్టాక ఆమెకు ఒకటే ధ్యాస. తెల్లారితే అదే మాట.

"బర్రె ఈనిందా?"

"ఇంకా లేదత్తా."

"సీతాఫలాలు అయిపోతయేమో. ఒక్కపారి జున్ను తిని పోత. గంతే."

బర్రె ఆలస్యం చేసింది. కంచె మీద కాయలు తరిగిపోతున్నాయి. నాలుగు మంచి కాయలకు పాతగుడ్డలు చుట్టి ఉడతలకు అందకుండా కాపాడాను. మనిషి ముందు పోతుందో, కాయలు ముందు పోతాయో అని భయపడుతూ దొడ్డికీ మంచానికీ మధ్య తిరిగాను. చివరికి బర్రె ఈనింది.

ఈసారి పద్ధతి నేను తప్పించాను. దూడ తాగాక, వాడకు పంపకుండా, పైన పైన ఉన్న మెత్తటి జున్ను తీసి, మీద కాల్చిన గుజ్జు పెట్టి, మొదటి దొప్ప ఆమెకే తెచ్చాను.

"వాడకు పోయిందా?"

"పోయిందత్తా, నువ్వు తిను" అన్నాను.

ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నాలుక మీద అటూ ఇటూ తిప్పి నా ముఖం చూసింది.

"గిది ఎవరింటిదే?"

"మనదే."

"మనది గాదు. మన జున్నుల మాడువాసన ఉంటది. ఎదురింటోళ్ల బర్రె గూడ ఈనిందా? ఆళ్లు పంపిన్రా? మంచిగుంది గని, మనది గాదు."

ఇన్నేళ్లు ఆ పొయ్యి ముందు కూర్చున్న మనిషికి తన జున్ను రుచి తెలియదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో అర్థం కాలేదు. గబగబా దొప్పలు వాడకు పంపి, ఇంట్లోవాళ్లకు పెట్టి, కుండ అడుగు ఆల్చిప్పతో గీకి తెచ్చాను. నోట్లో పెట్టగానే కళ్లు మూసుకుంది.

"ఆఁ, గిది మనది."

తర్వాత ఆ మొదటి దొప్ప నా వైపు జరిపింది. "ఎదురింటోళ్లది నువ్వు తిను బిడ్డా. నిలవడి నిలవడి అలిసినవ్. జర కూసో."

మంచం పట్టె మీద కూర్చున్నాను. ఆమె మాడు తిన్నది, నేను మీగడలాంటి జున్ను తిన్నాను. చల్లారినా ఎంత బాగుందో! అది మనదేనని మళ్లీ చెప్పలేదు.

అంటు తీరిన రోజు పాత కుండలన్నీ ఊరి బయట పారేశారు. ఆల్చిప్ప మాత్రం పొయ్యి గూట్లో ఉండిపోయింది. నిన్న తీసి చూశాను. ఒక పక్కే అరిగిపోయి, అంచున నల్లటి మాడు అంటుకుని ఉంది. కుడిచేత్తో పట్టుకుంటే కుదరలేదు. ఎడమచేతిలోకి మార్చి, కాసేపు ఉత్త పొయ్యి ముందు కూర్చున్నాను.